ఎలుక పదే పదే ఒకే చోటికి వెళితే అది "సరిచూసుకోవడం" అని ఎలా నిర్ధారిస్తారు? (ఓసీడీ జంతు నమూనాలు, మెదడు వలయాలు)

జిజ్ఞాసువు

సభ్యులందరికీ నమస్కారం. నేను జీవశాస్త్ర విద్యార్థిని. వద్దనుకున్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేని చేష్టలతో బాధించే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (ఓసీడీ) అనే మానసిక సమస్యకు వాడే జంతు నమూనాల మీద సెమినార్ ఇవ్వవలసి ఉంది. తలుపు గడియ వేశానా లేదా అని ఒక మనిషి పదే పదే వెళ్లి చూసుకుంటుంటే, తన మనసులో సందేహం ఉందని అతనే చెప్పగలడు. ఎలుక అలా చెప్పలేదు. అయినా 1998లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ షెక్ట్‌మన్ బృందం, క్విన్‌పిరోల్ అనే మందును కొన్ని వారాల పాటు పొందిన ఎలుకల్లో నిర్బంధంగా సరిచూసుకునే ప్రవర్తన కనిపించిందని ప్రకటించింది. ఆ పేరు పెట్టడానికి వారికి ఉన్న ఆధారం ఏమిటి? మందు ప్రభావంతో ఎలుక ఊరికే అటూ ఇటూ పరుగెత్తిందని ఎందుకు అనుకోకూడదు? దీని వెనుక మెదడులో ఏ వలయం (కలిసి పనిచేసే ప్రాంతాల గొలుసు) పనిచేస్తోందన్న విషయంలో ఈనాటికి మనకు గట్టిగా తెలిసినది ఎంత? తెలిసినవారు కాస్త విపులంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

వల్కలం

జిజ్ఞాసువు గారూ, ముందు ఆ ప్రయోగం ఎలా జరుగుతుందో కళ్లకు కట్టేలా చెప్పుకుంటే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున, ఒక్కో వైపు 160 సెంటీమీటర్లు ఉండే చదరపు గాజు బల్లను ఊహించుకోండి. దానికి గోడలు లేవు. దాని మీద నాలుగు చిన్న వస్తువులను ఎప్పుడూ అవే స్థానాల్లో ఉంచుతారు. ఎలుకను దాని మీద వదిలి 55 నిమిషాల పాటు పైనుంచి వీడియో తీస్తారు. మందు పొందని ఎలుక కూడా ఇలాంటి చోట ఇష్టం వచ్చినట్టు తిరగదు. ఏదో ఒక మూలనో, ఒక వస్తువు పక్కనో తన స్థావరంగా ఎంచుకుని, అక్కడి నుంచి బయలుదేరి, నాలుగైదు చోట్ల ఆగి వాసన చూసి, మళ్లీ స్థావరానికి చేరుకుంటుంది. డేవిడ్ ఐలమ్, ఇలన్ గొలానీ 1989లోనే ఈ సంగతిని వివరంగా నమోదు చేశారు. కాబట్టి తిరిగి రావడం అనేది ఎలుక సహజ స్వభావంలోనే ఉంది. మందు దానిని కొత్తగా సృష్టించలేదు.

క్విన్‌పిరోల్‌ను కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున, వారానికి రెండుసార్లు, ఐదు వారాలు ఇచ్చిన తరువాత ఆ సహజ క్రమం వికృతంగా బిగుసుకుపోతుంది. ఎలుక బల్ల అంతటిలో ఒకటి రెండు చోట్లకే కట్టుబడిపోతుంది. అక్కడికి చేరుకుంటుంది, అక్కడ తనదైన ఒక వరుసలో కొన్ని కదలికలు చేస్తుంది, వెళ్లిపోతుంది, వెళ్లినంత వేగంగా తిరిగి వస్తుంది. పరిశోధకులు కేవలం "ఎక్కువగా తిరిగింది" అని లెక్క కట్టలేదు. ఆ చోటికి ఎన్నిసార్లు వచ్చింది, వెళ్లాక తిరిగి రావడానికి ఎంత సమయం తీసుకుంది, ఈ మధ్యలో వేరే ఎన్ని చోట్ల ఆగింది, అక్కడ చేసే చేష్టల వరుస ఎంత స్థిరంగా ఉంది అన్న కొలతలను వేర్వేరుగా తీసుకున్నారు. ఊరికే పరుగెత్తే జంతువు అన్ని చోట్లకూ ఎక్కువసార్లే వెళుతుంది. ఈ ఎలుక ఒక్క చోటికే మాటిమాటికీ వెళుతుంది, మిగిలిన చోట్లను దాటవేస్తుంది. పరుగెత్తడం వేరు, పరిసరాల్లో ఒక స్థానాన్ని పట్టుకుని వేలాడడం వేరు అని వేరుచేసి చూపేది ఈ కొలతల కలయికే.

సినాప్స్

మందు వైపు నుంచి కొంత చేరుస్తాను. క్విన్‌పిరోల్ డోపమైన్ (నాడీకణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) గ్రాహకాల్లో, అంటే దానిని అందుకునే అణువుల్లో, డీ2, డీ3 రకాలను ప్రేరేపిస్తుంది. తక్కువ మోతాదులో అది ప్రధానంగా డోపమైన్‌ను విడుదల చేసే నాడీకణాల మీదనే ఉండే గ్రాహకాలకు తగులుతుంది. అవి తమ కణం విడుదలను తామే అదుపు చేసే గ్రాహకాలు కనుక, జంతువు చురుకుదనం తగ్గుతుంది. మోతాదు పెరిగితే, డోపమైన్‌ను అందుకునే వైపు ఉన్న గ్రాహకాలు కూడా ప్రేరేపితమై కదలిక పెరుగుతుంది.

మనం ఇక్కడ గమనించవలసినది ఒక ఇంజెక్షన్ ప్రభావాన్ని కాదు. మొదటి మోతాదు తరువాత ఈ సరిచూసుకునే రూపం పూర్తిగా కనిపించదు. అదే మోతాదు వారాల తరబడి అందుతుండగా ప్రతిస్పందన అంతకంతకూ పెరుగుతుంది. దీనిని సున్నితీకరణ అంటారు. అంటే వలయంలో నెమ్మదిగా ఒక మార్పు పేరుకుంటోంది. ఓసీడీ కూడా ఒక్క రోజులో రాదు కనుక, నమూనాకు ఇది బలమేనని నా అభిప్రాయం.

మెదడు లోతున ఉండి చేష్టల ఎంపికలో పాలుపంచుకునే స్ట్రయేటమ్‌లో డీ1 గ్రాహకాలున్న కణాలు ప్రత్యక్ష మార్గానికీ, డీ2 గ్రాహకాలున్నవి పరోక్ష మార్గానికీ చెందుతాయి. స్థూలంగా చెప్పాలంటే మొదటిది చేష్టకు దారి వదులుతుంది, రెండవది అడ్డు వేస్తుంది. డోపమైన్ డీ2 ద్వారా పరోక్ష మార్గాన్ని అణచివేస్తుంది. కాబట్టి దీర్ఘకాలం డీ2 ప్రేరణ పొందిన మెదడులో, మొదలైన చేష్టను నిలిపే అడ్డు సడలుతుందని ఊహించడానికి ఆస్కారం ఉంది. అయితే ఈ ఊహ ఒక్కటే చాలదు. పరోక్ష మార్గం సడలితే అన్ని చేష్టలూ పెరగాలి కదా, ఒకే చోటికి వెళ్లడం మాత్రమే ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్నకు మందు దగ్గర జవాబు లేదు, వలయం దగ్గర వెతకాలి.

మనోవైద్య

మనుషుల వైపు నుంచి ఒక మాట. 1987లో లూయిస్ బాక్స్టర్ బృందం, మెదడులో ఏ భాగం ఎంత శక్తిని వాడుతోందో చూపే పెట్ స్కానింగ్‌తో, ఓసీడీ ఉన్నవారిలో కళ్ల గుంటలకు పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ ప్రాంతంలోనూ, కాడేట్ అనే స్ట్రయేటమ్ భాగంలోనూ గ్లూకోజ్ వినియోగం ఎక్కువగా ఉందని చూపింది. 1992లో అదే బృందం, ఫ్లూఆక్సెటిన్ (సెరొటోనిన్ అనే మెదడు రసాయనం మీద పనిచేసే మందు)తో గానీ ప్రవర్తనా చికిత్సతో గానీ మెరుగుపడిన వారిలో కాడేట్‌లోని ఆ అతి చురుకుదనం తగ్గిందని నివేదించింది. మందు వేసుకోకుండా చికిత్సలో కూర్చుని మాట్లాడి, సాధన చేసినవారి మెదడులోనూ మార్పు అదే చోట కనిపించడం నన్ను ఇప్పటికీ కదిలించే విషయం.

ఇక క్విన్‌పిరోల్ నమూనాకు దగ్గరగా మేము చూసేవి రెండున్నాయి. సెరొటోనిన్ మందులతో చాలినంత మెరుగుదల రానివారికి డీ2 గ్రాహకాలను అడ్డుకునే మందును కొద్ది మోతాదులో చేర్చినప్పుడు, సుమారు మూడింట ఒక వంతు మందికి ఊరట కలుగుతుంది. అలాగే పార్కిన్సన్ వ్యాధికి డీ2, డీ3లను ప్రేరేపించే మందులు వాడేవారిలో కొందరికి వస్తువులను విడదీసి మళ్లీ అమర్చడం, గంటల తరబడి సర్దడం వంటి అలవాట్లు పట్టుకుంటాయి. అది ఓసీడీ కాదు, అందులో భయం ప్రధానంగా ఉండదు. కానీ డీ2, డీ3 ప్రేరణకూ ఆగని చేష్టకూ సంబంధం మనిషిలోనూ ఉందని అది చెబుతుంది.

జిజ్ఞాసువు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం ఇంకా మిగిలి ఉంది. వల్కలం గారు చెప్పిన కొలతలన్నీ చేష్ట గురించే. ఎలుక ఆ చోటికి వెళ్లి ఏదైనా సమాచారం తెచ్చుకుంటోందా? "సరిచూసుకోవడం" అంటే ఏదో తెలుసుకోవడానికి చూడడమే కదా. అక్కడ తెలుసుకోవడానికి ఏమీ లేనప్పుడు ఆ ప్రవర్తనను మరేదో పేరుతో పిలవడం న్యాయం కాదా?

సంభావ్యత

సరిగ్గా ఈ లోటును పూరించడానికే 2014లో డాన్ ఈగల్, ట్రెవర్ రాబిన్స్ తదితరులు కేంబ్రిడ్జ్‌లో మరో పద్ధతిని రూపొందించారు. ఒక పెట్టెలో ఎలుక ముందు రెండు మీటలు ఉంటాయి. ఏ క్షణంలోనైనా వాటిలో ఒకటే తిండి ఇస్తుంది, రెండవది ఇవ్వదు. ఏది పనిచేస్తోందన్నది ముందుగా అంచనా వేయలేని విధంగా మారుతూ ఉంటుంది. వీటికి తోడు మూడో మీట ఒకటి ఉంటుంది. దానిని నొక్కితే తిండి రాదు. పనిచేస్తున్న మీట పైన మాత్రం కొద్దిసేపు దీపం వెలుగుతుంది. అంటే మూడో మీట సమాచారాన్ని మాత్రమే ఇస్తుంది.

ఈ ఏర్పాటులో అందం ఏమిటంటే, ఉపయోగపడే తనిఖీనీ ఉపయోగం లేని తనిఖీనీ యంత్రమే విడదీసి లెక్కించగలదు. దీపం ఆరి ఉన్నప్పుడు మూడో మీటను నొక్కడం తెలివైన పని. దీపం ఎదురుగా వెలుగుతూ ఉండగానే మళ్లీ నొక్కడం వల్ల ఎలుకకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. క్విన్‌పిరోల్ పొందిన ఎలుకల్లో తనిఖీ మొత్తంగా పెరిగింది, దీపం వెలుగుతుండగా నొక్కే అదనపు నొక్కులు కూడా పెరిగాయి. జవాబు కళ్ల ముందే ఉన్నా మళ్లీ అడగడం అన్నమాట. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానాన్ని ఎలుకల పరిశోధనలో నేను చూడలేదు. ఓసీడీలో తనిఖీకి అనిశ్చితి ఒక్కటే మూలమైతే, దీపం వెలగగానే ఎలుక ఆగిపోవాలి. అది ఆగలేదు.

అనామిక

నేను పరిశోధకురాలిని కాను, ఈ జబ్బుతో చాలా కాలంగా బతుకుతున్న మనిషిని. దీపం వెలుగుతుండగానే మీట నొక్కే ఎలుక గురించి చదివి ఆగిపోయాను. నా అనుభవం అచ్చంగా అదే. గడియ పడి ఉందని నా కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, చేతితో తాకినప్పుడు చల్లగా తగులుతూనే ఉంటుంది, అయినా "సరే, అయిపోయింది" అన్న భావన మాత్రం లోపల పుట్టదు. అది పుట్టేదాకా నిలబడి ఉండాలనిపిస్తుంది. ఎక్కువసేపు చూసిన కొద్దీ చూసిన దాని మీద నమ్మకం పెరగదు సరికదా, ఇంకా తగ్గుతుంది. "నీకు తెలుసు కదా, ఇంకా ఎందుకు చూస్తావు" అని చుట్టూ ఉన్నవాళ్లు అడుగుతారు. తెలియడమూ తెలిసినట్టు అనిపించడమూ మెదడులో రెండు వేర్వేరు పనులా? పరిశోధనలు ఏమి చెబుతున్నాయో తెలుసుకోవాలని ఉంది.

మనోవైద్య

అనామిక గారూ, మీరు చివర చెప్పిన అంశాన్ని 2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ నేరుగా పరీక్షించారు. ఏ జబ్బూ లేని వారిచేత కంప్యూటర్ తెర మీద ఒక గ్యాస్ పొయ్యిని పదే పదే సరిచూయించారు. తరువాత చివరిసారి ఏమి చూశారో అడిగారు. వారి జ్ఞాపకం తప్పలేదు, ఏ మీటను చూశారో సరిగ్గానే చెప్పారు. కానీ ఆ జ్ఞాపకం స్పష్టత, వివరాలు తగ్గాయి, దాని మీద వారికున్న నమ్మకం సడలింది. కాబట్టి తనిఖీ ఎక్కువైతే నమ్మకం తగ్గడం మీ లోపం కాదు. ఆరోగ్యవంతుల మెదడు కూడా అలాగే ప్రవర్తిస్తుంది. నమ్మకం తగ్గితే మళ్లీ చూడాలనిపిస్తుంది, చూస్తే నమ్మకం మరింత తగ్గుతుంది. చికిత్సలో తనిఖీని ఆపమని మేము అంతగా పట్టుబట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

వల్కలం

అనామిక గారి ప్రశ్నకు షెక్ట్‌మన్, ఎరిక్ వూడీ 2004లో ప్రతిపాదించిన సిద్ధాంతం చాలా దగ్గరగా వస్తుంది. దానిని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ చర్చలో కీలకం ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఆకలికి ముగింపు బయటి ప్రపంచంలో ఉంది. తిండి దొరికింది, తిన్నాం, కడుపు నిండింది. ఎదురుగా ఉన్న ప్రమాదానికీ ముగింపు కనిపిస్తుంది, శత్రువు వెళ్లిపోయాడు. కానీ "ప్రమాదం ఉండవచ్చు" అన్న స్థితికి అలాంటి ముగింపు లేదు. వేటాడే జంతువు కనిపించలేదంటే లేదని అర్థం కాదు. ఏదీ జరగకపోవడాన్ని ఎంతసేపు చూసినా, ఇక చాలు అని చెప్పే గుర్తు బయటి నుంచి రాదు. కాబట్టి ఆ గుర్తును మెదడు లోపలే తయారు చేసుకోవాలి. సరిచూసుకునే చేష్ట పూర్తయినప్పుడు ఆ చేష్ట నుంచే ఒక రకమైన "తెలిసిన భావన" పుట్టి, భద్రత కోసం రగిలిన ప్రేరణను చల్లారుస్తుందని వారి వాదం. ఓసీడీలో ప్రేరణ మరీ తేలికగా రగలడం కంటే, దానిని చల్లార్చే ఈ భావన పుట్టకపోవడమే అసలు లోపమని వారు అంటారు. అనామిక గారు "లోపల పుట్టదు" అని రాసిన వాక్యం ఆ సిద్ధాంతాన్ని చదవకుండానే దాని సారాన్ని చెప్పింది.

ఈ దృష్టితో చూస్తే ఎలుక కొలతల అర్థం మారుతుంది. 2014లో మార్క్ టూచీ, షెక్ట్‌మన్ తదితరులు క్విన్‌పిరోల్ ఎలుకల్లో సరిచూసుకోవడం ఒకే ముద్దగా ఉండదని, అందులో కనీసం మూడు అంశాలను విడదీయవచ్చని చూపారు. ఒకటి చేష్టలోని ఉధృతి, రెండవది దాని మీదనే నిలిచే ఏకాగ్రత, మూడవది ఒక విడత తనిఖీ ముగిశాక వచ్చే తృప్తి, అంటే మళ్లీ మొదలుపెట్టేలోపు ఉండే విరామం. ఒకదానిని మార్చినంత మాత్రాన మిగతావి అదే పాళ్లలో మారనక్కరలేదు. ఎలుకకు సందేహం ఉందో లేదో మనం అడగలేం, కానీ అది ఎంతసేపు ఊరుకోగలుగుతోందో గడియారంతో కొలవగలం.

సంభావ్యత

తృప్తి అన్న మాట నాకు నచ్చింది గానీ, అందులో ఒక చిక్కు ఉంది. విరామం తగ్గడానికి తృప్తి తగ్గడమే కారణం కానక్కరలేదు. సమాచారం పట్ల ఆశ పెరిగినా విరామం తగ్గుతుంది. ఈ రెండూ వేరని చూపే ఆధారాలు కోతుల పరిశోధనల్లో మరింత స్పష్టంగా ఉన్నాయి.

2009లో ఏతన్ బ్రోంబర్గ్ మార్టిన్, ఒకిహిదె హికొసాకా చేసిన పనిని చూడండి. కోతులకు కొద్దిసేపట్లో నీరు ఎక్కువగా వస్తుందో తక్కువగా వస్తుందో ముందే తెలిపే గుర్తునూ, ఏమీ తెలపని గుర్తునూ చూపి ఎంచుకోమన్నారు. తెలిసినంత మాత్రాన వచ్చే నీరు మారదు. అయినా కోతులు ముందుగా తెలుసుకోవడాన్నే ఎంచుకున్నాయి. నీటి ఆశకు స్పందించే డోపమైన్ కణాలే సమాచారపు ఆశకూ స్పందించాయి. అంటే మెదడు సమాచారాన్ని కూడా ఒక ప్రతిఫలంగానే లెక్కిస్తోంది. క్విన్‌పిరోల్ డోపమైన్ వ్యవస్థను తాకుతున్నప్పుడు, అది సమాచారానికి కట్టే విలువను పెంచి ఉండవచ్చన్న అవకాశాన్ని మనం కొట్టిపారేయలేం.

రెండవది 2016లో లియాన్‌లో ఫ్రెడెరిక్ స్టోల్, ఎమ్మానుయేల్ ప్రోసిక్ బృందం చేసినది. ఇది నాకు ఈ రంగంలోనే అత్యంత ఇష్టమైన ప్రయోగం. కోతి ఒక ప్రధానమైన పని చేస్తూ ఉంటుంది. పని సాగిన కొద్దీ, దానికి కనిపించకుండా, ఒక కొలమానం నిండుతూ ఉంటుంది. అది పూర్తిగా నిండాక చూస్తేనే పెద్ద బహుమతి దక్కుతుంది. ప్రతి అడుగులోనూ కోతి ముందు రెండు దారులు ఉంటాయి, పనిని కొనసాగించడం లేదా ఆగి కొలమానాన్ని చూడడం. మరీ తొందరగా చూస్తే సమయం వృథా. అసలు చూడకపోతే బహుమతి రాదు. కోతులు దీనిని చక్కగా నేర్చుకుని, కొలమానం నిండుతున్న కొద్దీ ఎక్కువగా చూశాయి. ఆ సమయంలో నమోదైన నాడీకణాల్లో, సింగ్యులేట్ కార్టెక్స్ (మెదడు అర్ధభాగాల లోపలి వైపున ఉండే ప్రాంతం) మధ్యభాగంలోని చురుకుదనం చూడాలన్న నిర్ణయాన్ని ముందుగానే సూచించింది. పక్కన ఉన్న పార్శ్వ ప్రీఫ్రంటల్ ప్రాంతంలో ఆ సూచన దాని తరువాతనే వచ్చింది.

ఇది జబ్బు నమూనా కాదు, ఆరోగ్యకరమైన తనిఖీకి నమూనా. కానీ జబ్బులో ఏది చెడిందో తెలియాలంటే, చెడకముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఓసీడీ మీద జరిగిన జంతు పరిశోధనలో ఈ భాగానికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా ఆవేదన.

సినాప్స్

సింగ్యులేట్ మీద సంభావ్యత గారితో ఏకీభవిస్తాను. అయితే వలయాన్ని నేరుగా తాకి, మార్పు కలిగించి చూపిన పనులు ఎక్కువగా చిట్టెలుకల్లో జరిగాయి, అవి సరిచూసుకోవడం మీద కాక ఒళ్లు శుభ్రం చేసుకోవడం మీద జరిగాయి. జిజ్ఞాసువు గారు సెమినార్‌లో ఈ రెండింటినీ కలిపేయకూడదన్నది నా విన్నపం.

2007లో గ్వోపింగ్ ఫెంగ్ బృందం, శాప్‌ఆప్3 అనే జన్యువు లేని చిట్టెలుకలు ముఖం మీది చర్మం పుండు పడేంతగా శుభ్రం చేసుకుంటాయని చూపింది. ఆ జన్యువును స్ట్రయేటమ్‌లోకి మాత్రమే తిరిగి ప్రవేశపెట్టినా లక్షణాలు తగ్గాయి. 2013 జూన్‌లో ఒకే పత్రిక ఒకే సంచికలో ఆప్టోజెనెటిక్స్ (ఎంచుకున్న నాడీకణాలను కాంతితో అదుపు చేసే పద్ధతి) వ్యాసాలు రెండు వచ్చాయి. సుజాన్ అహ్మారీ బృందం, మామూలు చిట్టెలుకల్లో ఆర్బిటోఫ్రంటల్ లోపలి భాగం నుంచి స్ట్రయేటమ్ కింది భాగానికి వెళ్లే దారిని రోజుకు ఐదు నిమిషాల చొప్పున ఐదు రోజులు కాంతితో ప్రేరేపించింది. కాంతి పడినప్పుడు వెంటనే ఏమీ జరగలేదు. రోజులు గడిచిన కొద్దీ శుభ్రం చేసుకోవడం పెరిగింది, ప్రేరణ ఆపేశాక కూడా రెండు వారాల వరకు నిలిచింది. ఎరిక్ బుర్గియేర్ బృందం మాత్రం ఆర్బిటోఫ్రంటల్ పార్శ్వ భాగపు దారిని ప్రేరేపిస్తే, శాప్‌ఆప్3 లేని చిట్టెలుకల్లో ఆగని చేష్ట ఆగిందని కనుగొంది. ఆ ప్రయోగంలో ఒక ధ్వని తరువాత నుదుటి మీద నీటి చుక్క పడుతుంది. ఆరోగ్యమైన చిట్టెలుక కొంతకాలానికి ధ్వని వినగానే ఒళ్లు తుడుచుకోవడం మానేసి, చుక్క పడినప్పుడే తుడుచుకోవడం నేర్చుకుంటుంది. జన్యువు లేనిది ఆ నిగ్రహాన్ని నేర్చుకోలేదు. కాంతి ప్రేరణ ఆ నిగ్రహాన్ని తిరిగి ఇచ్చింది.

ఒకే కార్టెక్స్, పక్కపక్కనే ఉన్న రెండు దారులు, ఫలితాలు మాత్రం ఎదురెదురు. కాబట్టి "ఆర్బిటోఫ్రంటల్ అతి చురుకుదనమే ఓసీడీ" అని ఒక్క వాక్యంలో చెప్పడం తగదు. పెట్ స్కాన్‌లో వెలిగే ప్రాంతంలో చేష్టను ముందుకు తోసే దారీ, ఆపే దారీ రెండూ ఉండవచ్చు.

జిజ్ఞాసువు

శుభ్రం చేసుకోవడమూ సరిచూసుకోవడమూ ఒకే వలయం నుంచి వస్తాయని చాలా సమీక్షల్లో చదివాను. సినాప్స్ గారు వాటిని వేరుగా ఉంచమంటున్నారు. దీనికి బలమైన కారణం ఏమిటి?

వల్కలం

ఒళ్లు శుభ్రం చేసుకోవడం జంతువు తన శరీరం మీదనే చేసుకునే పని, దానికి పుట్టుకతో వచ్చిన కదలికల క్రమం ఉంటుంది. సరిచూసుకోవడానికి స్థలం కావాలి, జ్ఞాపకం కావాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చానన్న లెక్క కావాలి. రెండింటిలోనూ ఆగకపోవడం ఉమ్మడి కావచ్చు. ఏది ఆగడం లేదన్నది వేరు. చేష్టను నిలిపే యంత్రాంగం గురించి చిట్టెలుకల పని మనకు చెబుతుంది. దేనిని సరిచూడాలి, ఎప్పుడు సరిచూడాలి అన్నది సింగ్యులేట్ వంటి ప్రాంతాల పని చెబుతుంది. రోగిలో ఈ రెండూ ఒకే సమయంలో చెడి ఉండవచ్చు.

ఈ సందర్భంలో డాఫ్నా జోయెల్ 2001 నుంచి అభివృద్ధి చేసిన నమూనాను కూడా చేర్చుకోండి. మీట నొక్కితే తిండి వస్తుంది, వచ్చిందని ఒక వెలుగూ శబ్దమూ తెలియజేస్తాయి. తరువాత ఆ గుర్తును తిండి లేకుండా పదే పదే చూపి దాని అర్థాన్ని బలహీనపరుస్తారు. అప్పుడు ఎలుక మీటను విపరీతంగా నొక్కుతుంది, కానీ తిండి పళ్లెం దగ్గరకు వెళ్లి చూడదు. పని నెరవేరిందని చెప్పే గుర్తు విలువ కోల్పోతే చేష్ట ఆగదని ఇది చూపుతుంది. నేను పైన చెప్పిన షెక్ట్‌మన్, వూడీల భద్రతా సిద్ధాంతమూ, ఈ నమూనా ఫలితమూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలుసుకున్నాయి. నన్ను ఒప్పించింది ఈ కలయికే.

మనోవైద్య

చికిత్స వైపు నుంచి కూడా ఒక కలయిక ఉంది. 2008లో క్రిస్టీన్ వింటర్ బృందం క్విన్‌పిరోల్ ఎలుకల్లో మెదడు లోతున ఉండే చిన్న కణాల గుంపైన సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని అధిక పౌనఃపున్యపు విద్యుత్తుతో ప్రేరేపించినా, మందుతో తాత్కాలికంగా నిద్రపుచ్చినా సరిచూసుకోవడం తగ్గిందని చూపింది. అదే సంవత్సరం లుక్ మాలే నాయకత్వంలో ఫ్రాన్స్‌లో 16 మంది తీవ్రమైన ఓసీడీ రోగుల మీద జరిగిన పరీక్షలో, అదే కేంద్రకానికి ప్రేరణ ఇచ్చిన కాలంలో లక్షణాల తీవ్రత (పాయింట్లు ఎక్కువైతే తీవ్రత ఎక్కువ) సగటు 19 పాయింట్లు, ప్రేరణ ఉత్తుత్తిగా ఇచ్చిన కాలంలో 28 పాయింట్లు ఉంది. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా నమోదయ్యాయి, వాటిలో మెదడులో రక్తస్రావం జరిగిన సందర్భం ఒకటి. అందుకే ఇతర చికిత్సలన్నీ విఫలమైన వారికే ఈ మార్గాన్ని ఆలోచిస్తారు. అనామిక గారి వంటివారు దీనిని మొదటి దారిగా భావించవద్దని మనవి. బహిర్గత చికిత్స (భయపెట్టే పరిస్థితిని ఎదుర్కొంటూ నిర్బంధ చేష్టను ఆపుకునే సాధన), సెరొటోనిన్ మందులు ఇప్పటికీ ముందు వరుసలో ఉన్నాయి.

సబ్‌థాలమిక్ కేంద్రకం పరోక్ష మార్గంలోని కీలకమైన మజిలీ కావడం, సినాప్స్ గారు మొదట చెప్పిన అడ్డు లెక్కకు సరిపోతుందా అన్నది ఆయనే చెప్పాలి.

సినాప్స్

పాఠ్యపుస్తకపు లెక్కతో చూస్తే సరిపోదు. సబ్‌థాలమిక్ కేంద్రకం చేష్టలకు అడ్డు వేస్తుంది కనుక, దానిని నిద్రపుచ్చితే నిర్బంధ చేష్ట పెరగాలి. ఎలుకల్లో అది తగ్గింది. ఈ వైరుధ్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఆ కేంద్రకంలో కదలికలకూ, ఆలోచనకూ, భావావేశానికీ సంబంధించిన భాగాలు వేర్వేరుగా ఉన్నాయి. దారి వదలడం, అడ్డు వేయడం అన్న రెండు మాటలతో ఈ ఫలితాన్ని వివరించలేం. అక్కడి నుంచి కార్టెక్స్ వైపు తిరిగి వెళ్లే సంకేతాల క్రమాన్ని చూడవలసి ఉంటుంది.

అనామిక

మీ అందరి సమాధానాలు రెండుసార్లు చదివాను. చల్లార్చే భావన పుట్టకపోవడమే లోపం అయితే, ఆ భావన కోసం గడియ దగ్గర ఎదురుచూడడం వల్ల ప్రయోజనం లేదని నాకు అర్థమవుతోంది. మా చికిత్సకురాలు సరిగ్గా ఇదే సాధన చేయిస్తున్నారు, ఆ భావన రాకుండానే అక్కడి నుంచి కదలడం. కారణం తెలిశాక ఆ సాధనకు ఒప్పుకోవడం నాకు ఇదివరకటి కంటే తేలికగా ఉంది.

జిజ్ఞాసువు

సెమినార్ చివరలో ఒక ప్రయోగ ప్రతిపాదన చేయాలి. కేంబ్రిడ్జ్ వారి మూడు మీటల పద్ధతిలో, దీపం వెలిగిన తరువాత అదనపు నొక్కు ఎంతసేపటికి వస్తుందో కొలవాలని అనుకుంటున్నాను. క్విన్‌పిరోల్ ఎలుకల్లో సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని నిద్రపుచ్చినప్పుడు ఆ వ్యవధి పెరిగితే అది తృప్తికి సంబంధించినదనీ, దీపం ఆరి ఉన్నప్పటి నొక్కులు కూడా అదే పాళ్లలో తగ్గితే సమాచారపు విలువకు సంబంధించినదనీ వాదించవచ్చా?

సంభావ్యత

ప్రతిపాదన బాగుంది, కానీ ఒక పోలిక తప్పనిసరిగా చేర్చండి. తిండి మీటల మీద నొక్కే వేగాన్ని కూడా అదే సమయంలో కొలవాలి. కేంద్రకాన్ని నిద్రపుచ్చినప్పుడు అన్ని నొక్కులూ నెమ్మదిస్తే, మీరు కొలిచింది తృప్తిని కాదు, కదలికను. అలాగే దీపం వెలిగి ఉండే వ్యవధిని కొన్ని విడతల్లో పొడవుగా, కొన్నింటిలో పొట్టిగా ఉంచండి. దీపం త్వరలో ఆరిపోతుందన్న భయంతో నొక్కే ఎలుకనూ, ఎంతసేపు వెలిగినా నొక్కే ఎలుకనూ అప్పుడే వేరు చేయగలుగుతారు.

వల్కలం

దానికి తోడు, మందును ఆపిన తరువాత కూడా కొన్ని విడతలు కొలవండి. సున్నితీకరణ మిగిల్చిన మార్పు ఎంత, ఆ పూట ఇచ్చిన మందు చేస్తున్నది ఎంత అన్నది వేరు చేయకపోతే, వలయం మారిందన్న వాదన నిలబడదు. ఆ కొలతల పట్టికను మీరు ఇక్కడ పెడితే, సెమినార్‌కు ముందే అందరం కలిసి చూద్దాం.